అంకాలమ్మ ఒంపిన కాగు

నల్లదిబ్బపాళెంలో అంకాలమ్మ కన్ను గురించి రెండో మాట లేదు. చాటలో ఎండురొయ్యలు పోసి ఆమె ముందు పెడితే పెద్దవి ఒక పక్కకి, సన్నవి ఒక పక్కకి, ఇసుకా పీచూ ఇంకో పక్కకి, చెయ్యి ఆగకుండా పోయేవి. అట్లా ఏరుతూనే పక్కింటివాళ్ళతో పోట్లాడేది, కూతురు పేరమ్మని తల దువ్వుకోమని కసిరేది, మొగుడు ఓబయ్య తెప్ప ఒడ్డుకొచ్చిందో లేదో ఓ కంట కనిపెట్టేది. మైపాడు నుంచి ఎండుచేపలకొచ్చే వ్యాపారులు అందరి గంపలూ తిరగేసి చూసేవాళ్ళు గానీ ఆమె గంప జోలికి పోయేవాళ్ళు కాదు.

ఆమెకి అప్పటికి ముప్పై ఆరేళ్ళు. ఎడమకాలు బోదకాలు. పదకొండేళ్ళప్పుడు చలిజ్వరంతో మొదలై, గజ్జలో బిళ్ళ కట్టి, ఏడాదికి రెండుసార్లు వచ్చిపోతూ, పెళ్ళయ్యేనాటికి పాదం మీద కండ ఉబ్బిపోయింది. అమ్మ పెట్టిన వెండి కడియం ఆ కండలోకి దిగబడిపోతే, మైపాడులో గిన్నెలకు కళాయి పూసే సాహెబు ఆకురాయితో కోసి తీసినాడు. కుడికాలి కడియం అట్లాగే ఉండిపోయింది. కోసినదాన్ని అతికించి పెట్టెలో దాచుకుంది. రెండోదేదని ఎవరన్నా వేళాకోళమాడితే, "దానికి తగిన కాలు దొరకలా, ఎతకతా ఉండా" అనేది. నవ్వుతూనే అనేది. నొప్పి లేక నవ్వింది కాదు.

ఊరు ఇసకదిబ్బ మీద ఉంది. తూర్పున సముద్రం, పడమట బకింగ్‌హాం కాలవ, ఎటు పోయినా మూడు మైళ్ళ దాకా ఇంకో గడప లేదు. ఉన్నవి నలభై మూడు ఇళ్ళు, అందరూ వలమీద బతికేవాళ్ళే. పెద్దమనుషులెవరూ అడుగుపెట్టని ఆ ఊరికి 1967 జనవరిలో సంజీవరావు పడవెక్కి రావడానికి కారణం ఆ మూడు మైళ్ళ ఖాళీయే.

సంజీవరావు బోదకాళ్ళ మీద పనిచేసే ఒక పరిశోధన బృందంలో లెక్కల మనిషి. పాతికేళ్ళు దాటి ఎన్నాళ్ళో కాలేదు. కళ్ళజోడు, గొడుగు, ఇసకలో నడవడం చేతగాని బూట్లు. బోదకాలు తెచ్చేది దోమ అనీ, ఆ దోమని లేకుండా చేయడానికి వచ్చామనీ చెప్పినాడు. జనం సంతోషించారు. ఎట్లా చేస్తారయ్యా అంటే, దోమలు తెచ్చి వదుల్తామన్నాడు. ఆ సంతోషం అక్కడితో సరి.

"ఉండే దోమలు చాలకనా?" అన్నాడు పెద్దకాపు మునెయ్య. ఊరికి ఆయన మాటే మాట. ఊరిపెద్దలైన కాపులు కూర్చుని ఒక కట్టడి చేస్తే దాన్ని దురాయి అంటారు. దురాయి పడిందంటే ఇంటి మగవాడు తెప్ప తియ్యాలన్నా ఆపాలన్నా దానికి లోబడాల్సిందే.

సంజీవరావు ఓపిగ్గా చెప్పినాడు. వదిలేవన్నీ మగదోమలు. మగదోమ కుట్టదు. వాటికి ఒక మందు పట్టిస్తారు, దాంతో అవి గొడ్డుబోతాయి. ఆడదోమ బతుక్కి ఒకసారే జతకడుతుంది. గొడ్డుమగదానితో కట్టిందా, అది పెట్టిన గుడ్లు ఒక్కటీ పగలవు. బయటి దోమ మూడు మైళ్ళు ఎగిరి రాలేదు కాబట్టే ఈ ఊరు ఎంచుకున్నామన్నాడు. మునెయ్య అంతా విని, "మనుషులకి ఆపరేషన్లు చేసేది అయిపోయి దోమల మీద పడ్డారన్నమాట" అన్నాడు. ఊరు ఊరంతా నవ్వింది. కుటుంబ నియంత్రణ వాళ్ళు నెల్లూరు చుట్టుపక్కల శిబిరాలు పెడుతున్న రోజులవి. అయినా కాపులు కాదనలేదు. ప్రతి ఇంట్లో ఒక కాలైనా ఉబ్బి ఉంది కదా.

సంజీవరావుకి ముందు కావలసింది లెక్క. ఊళ్ళో దోమలు పుట్టే తావులు ఎన్ని, వాటిలో పురుగు ఎంత? దారి చూపే మనిషి కావాలంటే అంకాలమ్మ వచ్చింది. దొరువులు, అంటే ఇసకలో తవ్విన మంచినీళ్ళ గుంటలు, పన్నెండు చూపించింది. చేపలు కడిగిన మురుగు నిలిచే పల్లాలు చూపించింది. పగిలిన కుండలు, కుడితి తొట్లు, తాటినార నానేసిన గుంట ఒక్కటీ విడవలేదు. గరిటెతో ముంచి తీసి, దోమ కాబోయే ముందు గుండుతలతో తేలే పురుగుల్ని లెక్కపెట్టారు. వాళ్ళు దాన్ని ప్యూపా అన్నారు. అంకాలమ్మ గుండుపురుగు అంది. రెండు రోజుల్లో సంజీవరావు కూడా గుండుపురుగు అనడం మొదలుపెట్టినాడు.

"నీళ్ళు నిలవుండే చోటు ఇంకేమన్నా ఉందా అంకాలమ్మా?" అని ఆఖరుకి అడిగినాడు.

"లేదు సార్. ఉంటే నేను చెప్పనా?"

అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఆ ఊళ్ళో ఎవర్నడిగినా అదే చెప్పేవాళ్ళు.

దిబ్బ మీద ఒక రేకుల షెడ్డు వేశారు. మట్టి తొట్లలో దోమల్ని పెంచి, గుండుపురుగుల్లో మగవాటినీ ఆడవాటినీ వేరు చేయడం అక్కడి పని. మగది కాస్త సన్నం, ఆడది కాస్త లావు. చూసేవాడికి రెండూ ఒకటే. నెల్లూరు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు భూతద్దం పెట్టుకుని పదింటికి రెండు తప్పేవాళ్ళు. అంకాలమ్మ ఒకరోజు వాళ్ళ వెనక నిలబడి చూసి, "జరగండి నాయనా" అని కూర్చుంది. సాయంత్రానికి ఆరువందలు ఏరింది. సంజీవరావు వాటిని భూతద్దం కింద తిరగేస్తే తప్పు పోయినవి మూడు. మర్నాటి నుంచి ఆమెకి దినకూలి. పక్షానికి తొమ్మిది వేల గొడ్డుమగలు, అదీ ఆ షెడ్డు శక్తి. అంతకు మించి తొట్లూ లేవు, మందూ లేదు.

ఏరేదాని వెనక సంగతేమిటో తెలియకుండా చెయ్యి ఆడించే మనిషి కాదామె. "తొమ్మిది వేలే ఎందుకు సార్? ఎనిమిదైతే చావవా?" అని అడిగింది. సంజీవరావు కాగితం తీస్తే, "కాగితం నాకేం తెలుస్తది, గింజల్తో చెప్పు" అంది. చింతగింజలూ గవ్వలూ తెప్పించి ఇసకలో పోసుకున్నారు. గవ్వలు ఊళ్ళో ఉండే అసలు మగదోమలు. చింతగింజలు గొడ్డువి.

"మన లెక్క ప్రకారం ఊళ్ళో మగవి వెయ్యి, ఆడవి వెయ్యి. తొమ్మిది వేలు గొడ్డువి వదిలితే ఒక గవ్వకి తొమ్మిది గింజలు. అంటే పది ఆడదోమల్లో తొమ్మిదింటి గుడ్లు వట్టిపోతాయి. వెయ్యింటిలో వంద మాత్రమే నిజంగా పిల్లలు పెడతాయి. ఒక ఆడది పెట్టినదాంట్లో బతికి బట్టకట్టే ఆడవి ఐదు అనుకో. పై తరానికి ఎన్ని?"

"ఐదొందలు."

"మళ్ళీ తొమ్మిది వేలు వదిలితే?"

ఆమె గవ్వలు సగం తీసేసింది. గింజలు అట్లాగే ఉంచింది. కాసేపు చూసి, "ఇప్పుడు ఒకదానికి పద్దెనిమిది. ఇంకా బిగుసుకుంటది" అంది. సంజీవరావు మిగతాది చెప్పినాడు. ఐదొందల తర్వాత నూట ముప్పై ఒకటి. ఆ తర్వాత తొమ్మిది. ఆ తర్వాత సున్న. చంపే మందులైతే దోమలు తగ్గేకొద్దీ పని కష్టమౌతుంది, ఈ లెక్కలో తగ్గేకొద్దీ సులువౌతుంది. అది చెప్పేటప్పుడు ఆ అబ్బాయి మొహం వెలిగిపోయింది. అంకాలమ్మకి ఆ అంకెలు నోటికొచ్చేసినాయి. వెయ్యి, ఐదొందలు, నూట ముప్పై ఒకటి, తొమ్మిది, సున్న. ఏరేటప్పుడు అవే గొణుక్కునేది.

ఫిబ్రవరిలో వదలడం మొదలైంది. పని జరుగుతోందో లేదో తెలియడానికి ఒక గుర్తుంది. దోమ గుడ్లు నీటి మీద మసిరంగులో చిన్న తెప్పలాగా అంటుకుని తేలతాయి. ఊళ్ళోంచి నలభై తెప్పలు తెచ్చి గిన్నెల్లో వేసి చూస్తారు. లెక్క నిజమైతే నలభైలో ముప్పై ఆరు పగలకూడదు. ముప్పై మాత్రమే పగలకుండా ఉన్నాయి. తర్వాతి పక్షంలో ముప్పై ఆరు కంటే పెరగాల్సింది, ఇరవై ఎనిమిదికి దిగింది. దోమలు తగ్గలేదు సరికదా, ఊరివాళ్ళు పెరిగినాయన్నారు. వదిలింది మీరే కదా అని దెప్పినారు.

సంజీవరావు కాగితాల మీద కాగితాలు కొట్టేసినాడు. మందు బలం తగ్గిందా, గొడ్డువాటికి జతకట్టే సత్తువ లేదా అని వారం రోజులు తన్నుకులాడినాడు. ఈలోగా పైనించి జాబు వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకి అంకెలు దిగకపోతే షెడ్డు ఎత్తేసి దొరవారిసత్రం వైపు పొమ్మని.

ఆ జాబు వచ్చిన రోజే పేరమ్మకి చలిజ్వరం వచ్చింది. ఆ పిల్లకి పదకొండేళ్ళు. అంతకు ముందు రెండుసార్లు వచ్చిపోతే ఎండదెబ్బ అనుకున్నారు. ఈసారి అంకాలమ్మ దుప్పటి తీసి గజ్జలో చెయ్యిపెట్టి చూసింది. బిళ్ళ తగిలింది. అది ఎట్లా ఉంటుందో ఆ చేతికి తెలుసు. సంజీవరావు తెల్లమాత్రలు ఇచ్చినాడు. అవి ఒంట్లో ఉండే బోదపురుగులకే గానీ కొత్తగా దోమ కుట్టి దింపేవాటికి అడ్డం కాదని కూడా నిజం చెప్పినాడు. షెడ్డు పోతే పిల్లకి తన కాలే గతి అని అంకాలమ్మకి అర్థమైపోయింది.

మర్నాడు పనికి వచ్చి, గుండుపురుగుల తొట్టి పక్కకి జరిపి, గింజలూ గవ్వలూ ముందేసుకుంది. సంజీవరావు ముందు నుంచి వెనక్కి లెక్క వేసినాడు కదా, ఆమె వెనక నుంచి ముందుకి వచ్చింది. మొదటి పక్షం నలభైలో ముప్పై వట్టివి, పది మంచివి. పదికి ముప్పై అంటే ఒక గవ్వకి మూడే గింజలు. గింజలు తొమ్మిది వేలే, అవి తనే ఏరింది, అందులో తేడా లేదు. అట్లాంటప్పుడు గవ్వలే మూడువేలు ఉండాల.

"సార్, ఊళ్ళో మగదోమలు వెయ్యి కాదు, మూడువేలు" అంది.

సంజీవరావు వచ్చి గింజలు చూసినాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసినాడు. ఐదింతలు పెరిగే పురుగుని అణచాలంటే ఒకదానికి నాలుగు కంటే ఎక్కువ గొడ్డువి ఉండాలి. మూడుంటే తగ్గదు, పెరుగుతుంది. జరిగింది అదే. మందు బాగానే ఉంది, లెక్కా బాగానే ఉంది. మొదటి అంకె తప్పు.

"అయితే ఆ రెండువేలు ఎక్కణ్ణించి వస్తున్నాయి?" అన్నాడు.

అంకాలమ్మకి కోపం వచ్చింది. దారి చూపించింది తను. లేవని చెప్పింది తను. మధ్యాహ్నం ఇంటికి పోయి వెనకపాక నీడలో కూలబడింది. అక్కడ తాటాకు చాప కప్పిన చెక్కకాగు ఉంది. చాప లోపలి నుంచి సన్నగా జుమ్మంటోంది.

చెక్కకాగు సంగతి చెప్పాలి. నూలు వలలూ జనపనార వలలూ ఉప్పునీళ్ళకి పుచ్చిపోకుండా తుమ్మచెక్క ఉడికించిన ఎర్రనీళ్ళలో ముంచేవాళ్ళు. ప్రతి ఇంటికీ దానికొక పెద్ద మట్టికాగు. పాతనీళ్ళు పారబోయరు, వాటి మీదనే కొత్త చెక్కనీళ్ళు పోస్తారు. ఆ కాగు ఇంటి మగవాడిది. ఆడది చెయ్యి వెయ్యకూడదు, బయటివాడి కన్ను పడకూడదు. ఆడది దాన్ని ముట్టేది ఒక్కసారే. మొగుడు పోయిన రోజు పెళ్ళాం ఆ కాగుని దిబ్బ మీంచి ఒంపుతుంది. నల్లటి చార ఇసక మీద పల్లం దాకా పారుతుంది. ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కర్లేదు, ఆ చార చూసి ఊరికి తెలిసిపోతుంది. మూడేళ్ళ కింద నైలాన్ వలలు వచ్చినాయి. వాటికి చెక్కతో పనిలేదు. ముంచడం మానేశారు గానీ కాగులు ఒంపేదెవరు? మగవాళ్ళు బతికే ఉన్నారు కదా. వాననీళ్ళు దిగి, వల జిగురు కుళ్ళి, నలభై మూడు ఇళ్ళలోనూ నలభై మూడు కాగులు చాపల కింద ఉండిపోయినాయి. నీళ్ళు నిలిచే చోటేదని అడిగితే ఎవరికీ అది గుర్తు రాలేదు. అది వాళ్ళకి నీళ్ళు కాదు, మగవాడి ఆయుష్షు.

అంకాలమ్మ చుట్టూ చూసి చాప కొస లేపింది. గుండుపురుగులు పొరలుపొరలుగా తేలుతున్నాయి. గరిటె తెచ్చి తేలినవన్నీ ముంచి తీసింది. మగవి నలభై ఏడు ఏరింది. నలభై ఏడు ఒక ఇంటికి, అట్లాంటి ఇళ్ళు నలభై మూడు. దాదాపు రెండువేలు. లెక్క అతికినట్టు సరిపోయింది. ఆ క్షణాన ఆమెకి సంతోషం వేసింది, ఆ వెంటనే చాప మళ్ళీ కప్పేసింది.

సంజీవరావుకి సగమే చెప్పింది. కాగులున్నాయని చెప్పింది, ఒంపడం ఎందుకు కుదరదో చెప్పలేదు. అతను అప్పుడే మనుషుల్ని పిలవబోతే, "ముట్టుకున్నారంటే తలలు పగుల్తాయి సార్, నన్ను అడగనీండి" అని ఆపింది. గుడ్డలు కట్టొచ్చు కదా అంటారేమో. కట్టి చూసినారు. దురాయికి అడ్డం లేదని మునెయ్య ఒప్పుకుంటే, చూపు పడకుండా మగవాళ్ళే ఎవరి కాగుకి వాళ్ళు పల్చటి గుడ్డ కట్టుకున్నారు. ఆ సముద్రపు గాలికి మూడోరోజు ఒక్క గుడ్డ నిలవలేదు. తర్వాతి పక్షం కూడా నలభైలో వట్టివి ఇరవై తొమ్మిదే.

ఇంక మిగిలింది ఓబయ్యని అడగడం. ఓబయ్య మంచివాడు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు పెళ్ళాన్ని కొట్టినంత తేలిగ్గా అతను కుక్కని కూడా కొట్టలేడు. అయినా ఈ మాట విని అన్నం ముందు నుంచి లేచిపోయినాడు.

"నేను బతికుండంగానే నా కాగు ఒంపుతావామ్మే?"

"పిల్లకి బిళ్ళ కట్టింది."

"బిళ్ళ కట్టి చచ్చినోళ్ళు లేరు. మా నాయన పోయినప్పుడు మాయమ్మ ఒంపింది నేను చూసినా. ఆ చార మీద నడిచి పాడె మోసినా. నేను సముద్రం మీద ఉంటే నువ్వీడ కాగొంపితే సముద్రం ఊరుకుంటదా? దాని జోలికి పోబాక."

అతను చెప్పింది అబద్ధమని అంకాలమ్మ అనుకోలేదు. అక్కడే చిక్కంతా ఉంది. సంజీవరావు లాగా అదంతా వట్టిదే అనుకోగలిగితే సులువుగా ఉండేది. ఆమె నమ్మింది. ఒక పక్క మొగుడు, ఇంకో పక్క పిల్ల కాలు. దానికి గింజలూ గవ్వలూ లేవు.

ఏప్రిల్ పదిహేను దాటింది. పేరమ్మకి జ్వరం తగ్గింది గానీ చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట నిలిచింది. అంకాలమ్మ ఆ గుంట నిండేదాకా చూస్తూ కూర్చుంది. మర్నాడు పొద్దున ఓబయ్య తెప్ప మీద పోయినాక, పూర్తిగా వెలుగొచ్చినాక, వెనకపాకలోకి పోయింది. చాప తీసేసింది. కాగు చుట్టూ ఇసక తవ్వి, వాసపు కర్ర అడుగున దూర్చి, బోదకాలుని ఇసకలో తన్నిపెట్టి ఎత్తింది. కాగు ఒరిగింది. మూడేళ్ళ కంపుతో నల్లనీళ్ళు దిబ్బ మీంచి పారినాయి.

మొట్టమొదట చూసింది ఓబయ్య చెల్లెలు కామమ్మ. చూసి గొంతు చించుకుని అరిచింది. ఊళ్ళో ఆడవాళ్ళంతా పరుగెత్తుకొచ్చినారు. కామమ్మ, "అన్న ఏమైనాడు వదినా? ఎవరు చెప్పినారు వదినా?" అని గుండెలు బాదుకుంది.

"ఎవరూ చెప్పలా. పొద్దున మంచిగా పోయినాడు. నేనే ఒంపినా."

అరుపులు ఒక్కసారిగా ఆగినాయి. ఇద్దరు ముసలమ్మలు గాజులు పగలగొట్టడానికి చేతులు పట్టుకోబోతే, "తెప్ప రానీండి, రాకుంటే నేనే పగలగొట్టుకుంటా" అని విదిలించుకుని ఒడ్డుకి నడిచింది. పేరమ్మ వెనకాలే వచ్చింది. ఊరంతా వచ్చింది. మునెయ్య కర్ర పట్టుకుని ఒక పక్కన నిలబడినాడు.

పొద్దు నెత్తికొచ్చేసరికి తెప్పలు ఒక్కొక్కటే వచ్చినాయి. ఎక్కడో చూశామని ఒకడన్నాడు, చూడలేదని ఇంకొకడన్నాడు. పొద్దు వాలింది. ముప్పై రెండు తెప్పలు ఒడ్డెక్కినాయి, ఓబయ్యది రాలేదు. అంకాలమ్మ కూర్చోలేదు, ఏడవలేదు, మంచినీళ్ళు తాగలేదు. ఒట్టి భయం. చేసిన పని తప్పనిపించింది. పిల్ల కాలు చూసుకుంటే కాదనిపించింది. మళ్ళీ తప్పనిపించింది. అట్లా ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో ఆమెకే తెలియదు.

నీడలు పొడుగుబడ్డాక అలల మీద ఒక తెప్ప కనిపించింది. ఓబయ్యే. నైలాన్ వల నిండా వంజరం పడి, బరువుకి నిదానంగా వచ్చినాడు. ఒడ్డున ఊరంతా నిలబడి ఉండడం చూసి ఎవరో పోయినారనుకున్నాడు. కామమ్మ నీళ్ళలోకి పోయి అతని మీద పడి ఏడిస్తే అర్థం కాలేదు. అప్పుడు ఆమె తల మీదుగా దిబ్బ కనిపించింది, దిబ్బ మీద చార కనిపించింది.

నడిచి వచ్చి అంకాలమ్మ ముందు నిలబడినాడు.

"అంతా ఒంపినావా? అడుగు చెక్క కూడానా?"

"అంతా."

ఓబయ్య ఇంటికి పోయి, ఖాళీ కాగుని దొర్లించుకుంటూ సముద్రం దాకా తెచ్చి, ఉప్పునీళ్ళతో కడిగి, మళ్ళీ దొర్లించుకుపోయి పాకలో బోర్లించినాడు. తొమ్మిది రోజులు పెళ్ళాంతో మాట్లాడలేదు. పెట్టిన అన్నం తిన్నాడు. రోజూ సముద్రం మీదికి పోయినాడు, రోజూ వచ్చినాడు. అతను తిరిగొచ్చే ప్రతి సాయంత్రం ఊరు ఒడ్డుకొచ్చి చూసింది. వేట బాగానే పడుతోందని కూడా చూసింది.

పదోరోజు కాపులు కూర్చున్నారు. మునెయ్య దురాయి చెప్పినాడు. ఎవరి కాగు వాళ్ళే, మగవాడే తన చేత్తో ఒంపుకోవాల. ఆడదాని చేత ఒంపించినవాడికి తప్పు. చెప్పేటప్పుడు అంకాలమ్మ వైపు చూడలేదు. ఒంపిన ఆడది ఒక్కతే అని అందరికీ తెలుసు, అది అక్కడితో వదిలేశారు. ఆ మధ్యాహ్నం దిబ్బ మీద నలభై రెండు నల్లచారలు పారినాయి. సంజీవరావు షెడ్డు గుమ్మంలో నిలబడి చూసినాడు. అప్పుడు కామమ్మ అతనికి అసలు సంగతి చెప్పింది. అతను అంకాలమ్మ దగ్గరికి వచ్చి ఆమె ముందున్న తొట్టిలోంచి తనూ గుండుపురుగులు ఏరడం మొదలుపెట్టినాడు. పదింటికి మూడు తప్పినాడు. ఆమె సర్దింది.

ఏప్రిల్ ఆఖరుకి నలభైలో ముప్పై ఐదు వట్టివి. అంకె మళ్ళింది కాబట్టి షెడ్డు నిలిచింది. మే నడుమ ముప్పై ఎనిమిది. జూన్‌లో ఒకరోజు నలభైకి నలభై. సంజీవరావు మూడుసార్లు చూసి, ఆమెని చూడమన్నాడు. ఆమె చూసి, "సున్న" అంది. అంతే. ఆ వేసవి నల్లదిబ్బపాళెంలో జనం దుప్పటి కప్పుకోకుండా ఆరుబయట పడుకున్నారు.

ఇక్కడితో ఆపితే బాగుంటుంది గానీ జరిగింది అంతే కాదు. ఆగస్టులో షెడ్డు ఎత్తేశారు. పై ఏడు కాలవలో కట్టెల పడవలు వచ్చి ఆగినాయి, వాటి అడుగునీళ్ళలో దోమలూ వచ్చినాయి. మునపటంత లేవు, కాగులు లేవు కాబట్టి. అయినా వచ్చినాయి. మూడు మైళ్ళ ఖాళీని లెక్కలో వేసుకున్నారు గానీ పడవలు దాన్ని దాటతాయని వేసుకోలేదు. పేరమ్మకి ఇంకొకసారి జ్వరం వచ్చి, మళ్ళీ రాలేదు. చీలమండ దగ్గర గుంట పడడం ఆగిపోయింది. మాత్రల వల్లనా, దోమలు లేని ఆ కొన్ని నెలల వల్లనా అని అడిగితే ఏ డాక్టరూ తేల్చి చెప్పలేడు. అంకాలమ్మ ఎవర్నీ అడగలేదు. పెట్టెలో కడియం తీసి పిల్ల ఎడమకాలికి వేసింది, తన కుడికాలిది ఊడదీసి రెండోదానికి వేసింది.

1969లో, వానలు వెనకబట్టినాక, ఓబయ్య పోయినాడు. సముద్రం మీద కాదు. కడుపునొప్పని మూడురోజులు మంచం మీద పడి, ఇంట్లోనే పోయినాడు. ఆ రెండున్నరేళ్ళూ అతను బోర్లించిన ఆ కాగు మీదనే కూర్చుని నైలాన్ వల బాగుచేసుకునేవాడు. పాకలోకి ఎవరొచ్చినా, "రా, నా చావు మీద కూర్చుందువు" అని చోటిచ్చేవాడు. అంకాలమ్మ వింటూ ఉంటే ఇంకాస్త గట్టిగా అనేవాడు.

శవం లేచే వేళకి ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒంపాల్సింది ఎప్పుడో ఒంపేసింది, ఇప్పుడేం చేయాలో ఎవరికీ తెలియలేదు. అంకాలమ్మ లేచి, కాలీడ్చుకుంటూ పాకలోకి పోయి, బోర్లించిన కాగుని పక్కకి ఒరిగించింది. అడుగు మీద అతను కూర్చుని కూర్చుని నునుపెక్కిన చోట చెయ్యి పెట్టింది. దిబ్బ అంచుకి దొర్లించుకుపోయి, నలుగురూ చూస్తుండగా, పల్లంలోకి ఒంపింది.

అందులోంచి ఒక్క చుక్క రాలేదు. అప్పుడు ఏడ్చింది. ఆనాడు తెప్ప కోసం ఒడ్డున నిలబడి ఆపుకున్నదంతా ఏడ్చింది. పేరమ్మ రెండు కడియాలూ గలగలమంటుండగా ఇసకలో పరుగెత్తుకొచ్చి, అమ్మ రెక్క పట్టుకుని లేపింది.